సూదికి ముందు అరగంట

జయలక్ష్మి సూది వేస్తే నొప్పి తెలియదని మాదాపూర్ నుంచి తెల్లాపూర్ దాకా పేరు. ఆ పేరు ఊరూరా తిరిగి ఎంత పెరిగిందంటే, సూది వేస్తుండగానే ఒక ముసలాయన గురక పెట్టాడనీ, ఇంకొకాయన సూది వేయించుకుని కూడా ఇంకా వేయలేదని గొడవపడి రెండోది అడిగాడనీ చెప్పుకునేవారు. కోకాపేట నుంచి ఒక ఎద్దు దానంతటదే నడిచొచ్చి దవాఖాన ముందు నిలబడిందన్న మాట మాత్రం పూర్తిగా నిజం కాదు. దాన్ని ఎవరో తోలుకొచ్చారు.

ఇది 1973 నాటి సంగతి. అప్పటికి ఆ వైపంతా గుట్టలు, గుట్టల మీద ఏనుగులంత బండలు, బండల సందుల్లో సీతాఫలం పొదలు. వాటి మధ్య రెండు గదుల సర్కారు దవాఖాన ఒకటి ఉండేది. డాక్టరు పార్థసారథి, కాంపౌండరు లింగమూర్తి, స్టాఫ్ నర్సు జయలక్ష్మి. పది పన్నెండు ఊళ్లకు ఆ ముగ్గురే దిక్కు.

జయలక్ష్మిది బందరు. తండ్రి సోమేశ్వరరావు తాలూకా ఆఫీసులో గుమాస్తా. కూతురు నర్సు ట్రైనింగులో చేరిన రోజున, పరాయి మగవాళ్ల పుండ్లు కడిగే పిల్ల నా ఇంట్లో పుట్టలేదని ఆయన తేల్చేశాడు. రెండేళ్లపాటు ఇంటి ఉత్తరాల్లో అందరి క్షేమమూ ఉండేది, ఆవు క్షేమం కూడా ఉండేది, ఆమెను అడిగిన మాట ఒక్కటీ ఉండేది కాదు. ఆ ఏడాది వేసవిలో మొదటిసారి తండ్రి చేతిరాతతో కార్డు వచ్చింది. నీ ఉద్యోగం ఖాయమైందా, సర్కారు ఉద్యోగమని ఇక్కడ అందరితో చెప్పాను, అని రెండే ముక్కలు. ఖాయం చేసే కాగితాలు పట్నంలో పెద్దాఫీసులో ఉన్నాయి. ఇంకో నెలలో సంతకం అవుతుందని డాక్టరుగారు చెప్పారు. ఆ కార్డును ఆమె థర్మామీటరు డబ్బాలో దాచుకుంది.

ఆమెకు పని నేర్పింది బందరులో ఒక కన్యాస్త్రీ, ట్యూటర్ సిస్టర్. మరగబెట్టని సూదిని రెండు గోడల అవతల నుంచి వాసన పట్టగలదని ఆవిడకు పేరు. పెన్సిలిన్ గురించి చెప్పిన రోజున ఆవిడ పాఠం పొద్దున మొదలై మధ్యాహ్నం అన్నం చల్లారేదాకా సాగింది. ఆ మందు కొందరికి పడదు, పడనివాళ్లకు అది విషమే, ఎవరికి పడదో మొహం చూసి ఎవరూ చెప్పలేరు. అందుకని ముందు ముంజేతి చర్మంలోకి ఒక్క చుక్క ఎక్కించాలి. దాని చుట్టూ ఎర్ర సిరాతో సున్న చుట్టి అరగంట కూర్చోబెట్టాలి. వాపూ దురదా రాకపోతే పేరు పుస్తకంలో రాసి, అప్పుడు అసలు సూది వేయాలి. ఒకసారి పరీక్ష అయిన మనిషి మర్నాటి నుంచి నేరుగా వచ్చి వేయించుకోవచ్చు. ప్రతిసారీ పేరు అడిగి పుస్తకం చూసుకోవాలి. ఆవిడ ఇంకో మాట కూడా చెప్పింది. "పుస్తకంలో రాసేది మీకోసం కాదమ్మాయిలూ. రేపు ఎక్కడో మీరు చూడని నర్సు ఇదే మనిషికి మందు వేస్తుంది. ఆమెకు మీరు రాసే ఉత్తరం అది."

ఆ పాఠం జయలక్ష్మికి నిద్రలో లేపినా వచ్చు. వచ్చినదాన్ని మరిచిపోవడానికి ఒక్క పొద్దు చాలింది.

ఆ సోమవారం డాక్టరు మశూచి టీకాల పని మీద జీపులో తెల్లాపూర్ వెళ్లాడు. లింగమూర్తి చాయ్ తాగడానికి వెళ్లాడు. ఆయన చాయ్‌కి వెళ్తే ఆ ఆకు అస్సాంలో కోసి తెచ్చేంతసేపు పట్టేది. వసారాలో యాభై మంది. జ్వరం పిల్లలు, కట్లు మార్చాల్సినవాళ్లు, ఒక పక్కన రాళ్లు కొట్టే గుట్టవాళ్లు. గుట్టవాళ్లకు రాయి తగిలిన దెబ్బలు చీము పట్టడం మామూలే. వాళ్లలో పెన్సిలిన్ సూదికి రోజూ ఎవరో ఒకరు ఉండేవారు.

ఎల్లేశం ఆ వరసలో నిలబడ్డాడు. గుమ్మం దాటాలంటే తల వంచాల్సినంత మనిషి. కుడి పాదం ఉలి దెబ్బకు వాచి మెరుస్తోంది. వెనక భార్య రుక్కమ్మ, భుజాన సుత్తెల సంచి. ఇద్దరూ సూది అయ్యాక ఇటునుంచి ఇటే పనికి పోతారు.

టెస్టు అయిందా అని జయలక్ష్మి అడిగింది. అతను చెయ్యి చాపి ఎర్ర సున్న చూపించాడు. పాసయిందన్నాడు. సున్నలో వాపు లేదు, దద్దురు లేదు. ఆమె పేరు అడగలేదు. పుస్తకం మూడడుగుల దూరంలో బల్లమీద ఉంది, దాని మీద ఎవరో పసిపిల్లను పడుకోబెట్టారు. సూది వేసింది. తరువాతి మనిషిని పిలిచింది.

ఇద్దరు రోగులు అయ్యారో లేదో వసారాలోంచి కేక వచ్చింది.

ఎల్లేశం గోడకు చేరగిలబడి గొంతు పట్టుకుని ఉన్నాడు. గొంతులో ఏదో అడ్డం పడ్డదంటున్నాడు, ఆ మాట కూడా సగమే బయటికి వస్తోంది. పెదాలు వాచాయి. కళ్లు పూడుకుపోతున్నాయి. మెడమీద నుంచి ఛాతీ దాకా దద్దుర్లు లేచాయి. ఆమె పరుగున వచ్చేలోపు ఆ మనిషి గోడవెంట జారి నేలమీద పడ్డాడు. నాడి పట్టుకుంటే దారపు పోగులా తెగుతూ అందుతోంది.

ఆ పూట ట్యూటర్ సిస్టర్ చెప్పినవాటిలో ఒక్కటి మాత్రం జయలక్ష్మి తప్పకుండా చేసింది. పెన్సిలిన్ పళ్లెంలో ఎడ్రినలిన్ గాజుబుడ్డి ఒకటి పెట్టుకుంది. పడిపోయే ఊపిరిని పట్టి నిలబెట్టే మందు అది. బుడ్డి మెడ విరిచి సగం సిరంజిలోకి పీల్చి ఎల్లేశం భుజంలో వేసింది. కాళ్లు ఎత్తి స్టూలు మీద పెట్టించింది. వాచీ చూసుకుంటూ నాడి మీద వేలు ఉంచింది. ఒక నిమిషం నాడి పుంజుకుంది, మళ్లీ జారింది. మిగిలిన సగం కూడా వేసింది. బుడ్డి ఖాళీ. ఇంకో బుడ్డి బీరువాలో ఉంది. బీరువా తాళంచెవి లింగమూర్తి మొలతాడుకు ఉంది. లింగమూర్తి అస్సాంలో ఉన్నాడు.

"తాళం పగలగొట్టాలి," అంది జయలక్ష్మి, ఎవరితో అంటోందో తెలియకుండానే.

రుక్కమ్మ ఏడుపు ఆపింది. సంచిలోంచి సుత్తె తీసి, బీరువా ముందు నిలబడి, తాళం ఎక్కడ పగులుతుందో బండను చూసినట్టు ఒక్క క్షణం చూసింది. ఒకటే దెబ్బ. తాళం ఊడి కిటికీ దాకా ఎగిరింది.

మూడో మోతాదుతో ఎల్లేశం ఛాతీ పైకి లేవడం మొదలుపెట్టింది. దురదలకు వేసే సూది కూడా వేసింది. అరగంటకు కళ్లు తెరిచాడు. గంటకు నీళ్లు అడిగాడు. రుక్కమ్మ వచ్చి జయలక్ష్మి రెండు కాళ్లూ పట్టుకుంది.

"నా పుస్తె నిలవెట్టినవు తల్లీ. ఎల్లమ్మవు నువ్వు."

వసారాలో ఉన్న యాభై మందీ ఆ మాట విన్నారు. ఇంటికి పోయేలోపే అది నూరుమందికి చేరి ఉంటుంది. జయలక్ష్మి కాళ్లు విడిపించుకుని లోపలికి వెళ్లి, పసిపిల్లను తల్లికి అప్పగించి, పుస్తకం తెరిచింది. సోమవారం లేదు. శనివారం లేదు. పోయిన వారం లేదు. పక్కవాళ్లు చెప్పిన ఎల్లేశం పేరు ఎక్కడా లేదు. దూదిని స్పిరిట్‌లో ముంచి తెచ్చి అతని చేతిమీది సున్నను తుడిచింది. కింద చర్మం నున్నగా ఉంది. సూది గుచ్చిన చుక్క కూడా లేదు.

సున్న ఎవరు చుట్టారని రుక్కమ్మను మెల్లగా అడిగింది. రుక్కమ్మ దాచలేదు. దాచాల్సిన సంగతని ఆమెకు తెలిస్తే కదా. మేస్త్రీ బాలనర్సయ్య చుట్టాడంది. గుట్ట మీద ఒక పద్ధతి ఉంది. బండ పగిలినప్పుడు దాంట్లో ఒక రాయిని సుత్తెతో కొట్టి చూస్తారు. గంటలా మోగితే ఆ రాయి పాస్. ఆ రాయి పాసయితే ఆ బండలోంచి వచ్చిన రాళ్లన్నీ పాసే, అన్నిటి మీదా మేస్త్రీ జాజుతో ఎర్ర సున్న చుట్టేస్తాడు, ప్రతిదాన్నీ కొట్టి చూసే పని ఉండదు. పోయిన నెల బాలనర్సయ్యకు గడ్డ లేచి ఇక్కడికి వస్తే నర్సమ్మ చుక్క మందు వేసి, సున్న చుట్టి, అరగంటకు పాసన్నది. జట్టంతా ఒకే కుండలో గటక తినేవాళ్లు, ఒకే బావి నీళ్లు తాగేవాళ్లు. మేస్త్రీ పాసయితే జట్టు పాసయినట్టే. అరగంట పని ఎందుకు చెడాలని, హాజరు పుస్తకం రాసే ఎర్ర సిరా పెన్నుతో ఆయనే చుట్టి పంపుతున్నాడు. పోయిన వారం ఇద్దరిని అట్లాగే పంపాడు.

ఆ ఇద్దరికీ సూది వేసింది తనే.

మధ్యాహ్నం జీపు వచ్చింది. పార్థసారథి ఎల్లేశాన్ని పరీక్ష చేసి, ప్రమాదం తప్పిందని చెప్పి, తలుపు దగ్గరికి వేసి జరిగిందంతా విన్నాడు. కుర్చీలో కూర్చుని కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచాడు.

"ఎండదెబ్బ అని రాద్దామండీ."

ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడయితే కాదనడం సులువయ్యేది. ఆయన లెక్క ఆయన విడమరిచి చెప్పాడు. టెస్టు లేకుండా పెన్సిలిన్ వేశారని రాస్తే విచారణ వస్తుంది. ఖాయం కావాల్సిన ఉద్యోగం ఊడిపోవచ్చు. ఆయన మీదికీ వస్తుంది. ఇద్దరూ పోతే ఈ గుట్టల్లోకి ఇంకొకరు రావడానికి ఏడాది పడుతుంది, ఆ ఏడాదిలో ఎంతమంది పోతారు? మనిషి ఎలాగూ బతికాడు. వారం రిపోర్టు తీసుకుని తాను నాలుగింటికి పట్నం వెళ్లాలి. ఈలోపు పుస్తకంలో పేరు ఎక్కించేస్తే సరి.

లింగమూర్తి అప్పటికే పుస్తకం తిరగేశాడు. విరిగిన తాళం చూసినప్పటి నుంచి ఆయన సొంత మనిషి పోయినంత దిగులుగా ఉన్నాడు.

"సిస్టరమ్మా, శనివారం పేజీల అడుగున ఒక లైను ఖాళీ ఉన్నది. దేవుడే ఉంచిండు. జర రాసెయ్యుండ్రి, ఫికర్ పోతది."

జయలక్ష్మి పెన్ను తీసుకుంది. ఖాళీ లైను నిజంగానే ఉంది. థర్మామీటరు డబ్బాలోని కార్డు గుర్తొచ్చింది. ఉద్యోగం పోయి బందరు స్టేషన్లో దిగితే తండ్రి ఏమంటాడో కాదు, ఏమీ అనకుండా ఎట్లా చూస్తాడో కనిపించింది. పెన్ను పాళీని లైను మీద ఆనించింది కూడా.

"ఎండదెబ్బ అని రాస్తే, రేపు ఇతనికి మళ్లీ దెబ్బ చీము పడితే ఎక్కడికి వెళ్తాడండీ?"

"ఎక్కడికో వెళ్తాడు. ఏదో ఒక ఆసుపత్రి."

"అక్కడి నర్సు ఏం వేస్తుందండీ?"

పార్థసారథి కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. ఇంకో దారి చూపించాడు. పెన్సిలిన్ పడదని మనిషికి నోటితో చెప్పి పంపుదాం, పుస్తకంలో మాత్రం టెస్టు చేసినట్టే ఉండనిద్దాం, రెండు పనులూ అవుతాయి. ఆ మాట జయలక్ష్మికి నచ్చింది. అబద్ధమేదో చిన్నదైనట్టూ, నిజమేదో పక్కనే ఉన్నట్టూ అనిపించింది. ఇద్దరికీ ఊపిరి తిరిగింది. లింగమూర్తి చాయ్ తెస్తానన్నాడు.

అప్పుడు రుక్కమ్మ తలుపు తోసుకుని వచ్చింది. మొగుడు లేచి కూర్చున్నాడని, పొద్దు వాలకముందే తీసుకుపోతానని చెప్పింది. మొహం వెలిగిపోతోంది.

"మేస్త్రీకి దండం పెట్టాలె. ఆయన సున్న సుట్టవట్టి పాణం నిలిచింది, లేకుంటే పోయేటిదే. గుట్ట మీద అందరికీ చెప్త, సున్న లేకుండ సూదికి రావద్దని."

పార్థసారథి జయలక్ష్మి వైపు చూశాడు, చూపుతోనే వద్దన్నాడు. జయలక్ష్మికి ఆ క్షణంలో గుట్ట మీది చేతులన్నీ కనిపించాయి, అన్నిటి మీదా ఎర్ర సున్నలు. పెన్నుకు మూత పెట్టి బల్లమీద పెట్టింది.

"రుక్కమ్మా, నీ మొగుణ్ణి బతికించింది సున్న కాదు. పడేసింది ఎండా కాదు. నేను వేసిన సూది."

రుక్కమ్మకు అర్థం కాలేదు. జయలక్ష్మి మొదటినుంచి చెప్పింది. చుక్క ఎందుకు వేస్తారో, అరగంట ఎందుకో. ఒకే బండలోంచి పుట్టిన రాళ్లలా ఒకే కుండలో తిన్న మనుషులు ఒకటి కారని, ఎవరిది వారికే కొట్టి చూడాలని. సున్నలో చుక్క ఉందో లేదో చూడాల్సింది, పుస్తకంలో పేరు ఉందో లేదో చూడాల్సింది తనేనని, రెండూ చూడలేదని. చెబుతున్నంతసేపూ ఆమె కళ్లు రుక్కమ్మ చేతిలోని సుత్తె మీదే ఉన్నాయి. పార్థసారథి కుర్చీలోంచి సగం లేచి, అట్లాగే ఉండిపోయాడు.

"సున్న మేం గీసినం. సూది నువ్వేసినవు. గంతేనా?" అంది రుక్కమ్మ.

"అంతే. మీరు తెలియక గీశారు. నేను అన్నీ తెలిసి చూడలేదు."

"ఇంతకుముందు నీ కాళ్లు మొక్కిన."

"మొక్కావు."

"అది నాకు వాపస్ ఇయ్యి."

జయలక్ష్మి రుక్కమ్మ కాళ్లు మొక్కడానికి వంగింది. ఆమె చెయ్యి పాదాలకు తగలకముందే రుక్కమ్మ వెనక్కి జరిగి, సుత్తె సంచిలో పడేసి బయటికి నడిచింది. పెన్సిలిన్ వేయరాదని పెద్ద అక్షరాలతో రాసిన చీటీని జయలక్ష్మి ఎల్లేశం చేతిలో పెట్టింది. రుక్కమ్మ దాన్ని లాక్కుని ఉండచుట్టి గడప మీద విసిరేసింది. భర్త చెయ్యి భుజాన వేసుకుని బండల మధ్య బాట పట్టింది. ఎల్లేశం ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. అతనికింకా మాట సరిగా రావడం లేదు.

జయలక్ష్మి లోపలికి వచ్చి పుస్తకంలో, శనివారం పేజీలో కాదు, ఆ రోజు పేజీలో రాసింది. టెస్టు చేయలేదు, పుస్తకం చూడలేదు, సూది వేసింది నేను. పోయిన వారం ఇద్దరి సంగతీ రాసింది. పార్థసారథి చదివాడు. రిపోర్టులోకీ అదే ఎక్కించి, సంచిలో పెట్టుకుని నాలుగింటికి జీపెక్కాడు.

ఆ మర్నాడు గుట్టవాళ్లు ఒక్కరూ రాలేదు. ఊళ్లో కథ మారిపోయింది. నర్సమ్మ చూస్తేనే మనుషులు వాచిపోతున్నారని ఒకరు, ఎద్దు కూడా ఆమె వల్లనే చచ్చిందని ఇంకొకరు. ఎద్దు అప్పటికి పొలంలో దున్నుతోంది. బుధవారం పట్నం నుంచి కాగితం వచ్చింది. సంజాయిషీ ఇవ్వాలి, ఉద్యోగం ఖాయం చేసే ఫైలు ఏడాదిపాటు ఆపారు, ఆ పైన సంగతి విచారణను బట్టి. ఆ కబురు బందరుకు ఆమే రాసింది. జవాబు రాలేదు.

ఆ బుధవారమే లింగమూర్తి ఇంకో కబురు తెచ్చాడు. గుట్ట పని ఈ రోజుతో అయిపోతోంది, రేపు పొద్దున జట్టంతా లారీలో తెల్లాపూర్ అవతలికి పోతోంది. ఆ తరువాత వాళ్లు ఎక్కడ ఉంటారో వాళ్లకే తెలియదు. జయలక్ష్మి ఉండచుట్టిన చీటీని సాపు చేసి పట్టుకుని బయలుదేరింది. వద్దు సిస్టరమ్మా, సుత్తెలుంటయి ఆడ, అన్నాడు లింగమూర్తి. ఆమెకు అది తెలుసు. తాళం ఎగిరిపోయిన తీరు ఆయనకంటే ఆమే దగ్గరగా చూసింది.

గుడిసెల దగ్గర ఆమెను చూడగానే సుత్తెల చప్పుడు ఒకటొకటిగా ఆగిపోయింది. బాలనర్సయ్య ఎదురొచ్చి, ఎవరిని పడగొట్టడానికి వచ్చావని అడిగాడు. ఆమె అందరికీ వినపడేలా చెప్పింది. సున్న సిరాతో ఎవరైనా చుట్టుకోవచ్చు, చుక్క మందూ అరగంటా లేకపోతే అది ఉత్త సున్నే. ఏ ఊళ్లోనైనా, ఏ దవాఖానలోనైనా అరగంట ఆగకుండా సూది వేయించుకోవద్దు, వేసేది తనలాంటి నర్సైనా సరే. బాలనర్సయ్య తల దించుకున్నాడు. ఆ సున్నలు చుట్టిన రోజు నుంచీ కాకపోయినా, సోమవారం నుంచీ ఆయన నిద్రపోలేదని పక్కవాళ్లు అన్నారు.

తరువాత ఆమె ఎల్లేశం ముందు చీటీ పట్టుకుంది. ఇది జీవితాంతం దగ్గర ఉంచుకో అంది.

"గీ కాయితం ఏడ ఆగుతదమ్మా?" అన్నాడు ఎల్లేశం. అతనికి కోపం కంటే సిగ్గే ఎక్కువగా ఉన్నట్టుంది. "వాన పడితే నానుతది. పోరగాండ్లు పొయ్యిల పెడ్తరు. గా మందు పేరు నాకు నోరు తిరుగది. రేపు సోయి తప్పి పడితే ఎట్ల చెప్త?"

నర్సుల బడిలో దాని గురించి పాఠం లేదు. జయలక్ష్మి చీటీ పట్టుకుని అట్లాగే నిలబడింది. ఎండ బండల మీద నుంచి సెగలు కక్కుతోంది. ఎవరూ కూర్చోమనలేదు.

గుడిసెల చివర పచ్చబొట్లు పొడిచే నీలమ్మ ఒక కొత్త పెళ్లికూతురి చేతిమీద తేలు బొమ్మ పొడుస్తోంది. రుక్కమ్మ అటు చూసింది, చీటీ వైపు చూసింది. నర్సు మొహం మాత్రం చూడలేదు. మొగుడి రెక్క పట్టి లాక్కెళ్లి నీలమ్మ ముందు కూలేసింది. ఎల్లేశం లబలబలాడాడు. దేవుడి పేరు పొడిపించుకుంటారు, పెండ్లాం పేరు పొడిపించుకుంటారు, పడని మందు పేరు పొడిపించుకున్నవాణ్ణి గుట్ట మీద ఎవడైనా చూశాడా అని అడిగాడు. నువ్వు మొదటోడివి, కూసో, అంది రుక్కమ్మ.

నీలమ్మ తనకు తేళ్లూ తులసికోటలూ వచ్చుగానీ చదువు రాదంది. ఎవరైనా ముందు చర్మం మీద రాసి పెడితే గీత వెంట పొడుస్తానంది. జట్టులో చదువొచ్చినవాడు బాలనర్సయ్య ఒక్కడే. ఆయన ఈ చేతులతో ఇంక ఎవరి ఒంటిమీదా రాయనని వెనక్కి తగ్గాడు.

జయలక్ష్మి ముందుకొచ్చి నేలమీద కూర్చుంది. నీలమ్మ చేతిలోని సూదిని అక్కడి కుంపటి మంటలో కాల్చమంది, మసి తుడిపించింది, మళ్లీ కాల్చమంది. ఎల్లేశం ముంజేతిని సబ్బుతో కడిగింది. పుల్ల తీసుకుని నీలమ్మ పచ్చబొట్టు పసరులో ముంచింది. పుల్ల కొసను చర్మానికి ఆనించింది.

రుక్కమ్మ పక్కనే గొంతుక్కూర్చుని చూస్తోంది.

"నీ మీద కోపం పోలేదు," అంది. "పోతదో పోదో తెల్వది. గని అచ్చరాలు సక్కగ రాయి. సదివేటోళ్లకు తెల్వాలె."

జయలక్ష్మి మొదటి అక్షరం రాయడం మొదలుపెట్టింది.